ఎక్కడ కూర్చుని చదువుతారు?

నేను చేసిన ఉద్యోగం పేరు అకడమిక్ అడ్వైజర్. మా చుట్టాల్లో సగం మంది నేను కాలేజీలో పాఠాలు చెప్పానని అనుకుంటారు. మిగతా సగం మంది కాల్ సెంటర్‌లో పనిచేశానని అనుకుంటారు. రెండూ పూర్తిగా అబద్ధాలు కావు గనక నేనూ ఎవరినీ దిద్దలేదు.

ఉద్యోగం చేసుకుంటూ, సంసారం ఈదుకుంటూ, ఎప్పుడో వదిలేసిన డిగ్రీని ఆన్‌లైన్‌లో పూర్తి చేద్దామని వచ్చే పెద్దవాళ్ళుంటారు. ముప్పై అయిదేళ్ళవాళ్ళు, యాభై దాటినవాళ్ళు, మనవలున్నవాళ్ళు. వాళ్ళు ఏ కోర్సు ముందు తీసుకోవాలో, ఏది తర్వాత తీసుకోవాలో చెప్పడం నా పని అని కాగితం మీద ఉండేది. వాళ్ళు మధ్యలో జారిపోకుండా చెయ్యి పట్టుకోవడం అసలు పని. షికాగో దగ్గరి ఒక కాలేజీలో ఆన్‌లైన్ విభాగం పెట్టిన కొత్తలో చేరి, అక్కడే రిటైరయ్యాను. ఇప్పుడు ఆ దగ్గర్లోనే నేపర్‌విల్ అనే ఊళ్ళో ఇంటిపట్టున ఉంటున్నాను.

ఈ మధ్య మన పిల్లలు కొందరు ఇక్కడ మాస్టర్స్ చేసి ఇలాంటి ఉద్యోగాల్లో చేరుతున్నారు. గుడిలోనో, పుట్టినరోజు పార్టీలోనో కనిపించి "ఆంటీ, టిప్స్ చెప్పండి" అంటారు. ప్లేటు చేతిలో పట్టుకుని చెప్పగలిగినవి కావవి. అందుకే కూర్చుని రాస్తున్నాను. ప్రమోషన్ల సంగతి, కంప్యూటర్ల సంగతి ఇందులో ఉండదు, అవి మీకు నాకంటే బాగా తెలుసు. మనుషుల సంగతి రాస్తాను. పేర్లు మార్చాను.

మొదటి ప్రశ్న

నా మొదటి బాస్ కారల్. నర్సుగా పనిచేస్తూ, నలభై దాటాక తన డిగ్రీ తాను పూర్తి చేసుకుని ఇటు వచ్చిన మనిషి. గట్టిగా నవ్వేది, అంతకంటే గట్టిగా తిట్టేది. నేను ఒంగోలులో జూనియర్ కాలేజీ లెక్చరర్‌గా చేసి వచ్చానని, నాకు విద్యార్థుల గురించి అన్నీ తెలుసనీ మొదటిరోజే చెప్పాను. ఆవిడ సావకాశంగా విని, "అయితే మొదటి ఫోన్ కాల్‌లో ఏం అడుగుతావు?" అంది. పాత మార్కులు, మేజర్‌గా, అంటే ప్రధాన సబ్జెక్టుగా, ఏది చేయదలుచుకున్నారో అన్నాను.

"అవన్నీ నీ స్క్రీన్ మీదే ఉంటాయి. ఎక్కడ కూర్చుని చదువుతారో అడుగు" అంది.

పెళ్ళిచూపుల్లో ఇల్లు సొంతమా అద్దెదా అని అడిగినట్టుంది అనుకున్నాను. కానీ బాస్ చెప్పింది కదా అని అడగడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళలో దానికి మించిన ప్రశ్న నాకు దొరకలేదు. "మంచం మీద" అన్నవాళ్ళు సెమిస్టర్ సగంలో నిద్రపోతారు. "అదింకా ఆలోచించలేదు" అన్నవాళ్ళు ఇంట్లో ఇంకా చెప్పలేదని అర్థం. "వంటింటి బల్ల మీద, పిల్లల హోంవర్క్ అయ్యాక" అన్నవాళ్ళు చాలావరకు గట్టెక్కుతారు. చదువుకి తెలివితేటల కంటే ముందు ఒక కుర్చీ కావాలి. ఆ కుర్చీ తమదని ఇంట్లోవాళ్ళు ఒప్పుకోవాలి. పద్దెనిమిదేళ్ళ పిల్లకి కాలేజీయే కుర్చీ వేస్తుంది. ఈ వయసులో ఎవరి కుర్చీ వాళ్ళే వేసుకోవాలి.

ఫోన్ ఎత్తనివాళ్ళు

డార్నెల్ అని ఒక బస్సు డ్రైవర్ ఉండేవాడు. ఎక్కడ కూర్చుని చదువుతారంటే, డ్యూటీ అయ్యాక డిపో పార్కింగ్‌లో తన కార్‌లో అన్నాడు. ఇంటికి వెళ్తే ఎవరో ఒకరు ఏదో ఒక పని చెప్తారట. హుషారైన మనిషి. మొదటి మూడు వారాలూ నాకు ఫోన్ చేసి మరీ కబుర్లు చెప్పాడు. మొదటి వ్యాసం దిద్దించుకుని వెనక్కి వచ్చింది. ఆ రోజు నుంచి మనిషి లేడు. క్లాస్‌లో లాగిన్ లేదు, ఫోన్ ఎత్తడు.

తీసి చూస్తే ఆ వ్యాసంలో నిజానికి అన్ని తప్పులేమీ లేవు. కానీ దిద్దిన ఆయన ఎరుపు రంగులో పక్కన ఒక మాట రాశాడు, ఇది హైస్కూల్ స్థాయి రాత అని. మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందన్నట్టు, పెద్దవాళ్ళకి మార్కు తగ్గినందుకు నొప్పి ఉండదు. ఎవరో నవ్వి ఉంటారన్న ఊహకి నొప్పి. రోజూ అంత పెద్ద బస్సుని మంచులో నడిపే మనిషి ఆ ఒక్క వాక్యానికి కుంగిపోయాడు.

నేను రెండు వాయిస్ మెసేజ్‌లు పెట్టాను, గడువు దాటిపోతోందని. కారల్ అవి విని, "ఇవి అప్పులవాళ్ళ మెసేజ్‌లు. అతనికి జవాబు తెలిసిన ప్రశ్న ఏదైనా అడుగు" అంది. ఆలోచించి ఇంకో మెసేజ్ పెట్టాను. మా అమ్మాయీ నేనూ శనివారం రైల్లో సిటీకి వస్తున్నాం, స్టేషన్ నుంచి సరస్సు ఒడ్డు మ్యూజియంకి ఏ బస్సు ఎక్కాలి అని.

గంటలో ఫోన్ వచ్చింది. ఏ గేటు నుంచి బయటికి రావాలో, ఏ బస్సు ఎక్కకూడదో, ఎక్కడ ఎండ తగలకుండా నిలబడవచ్చో అన్నీ చెప్పాడు. చెప్పి, ఫోన్ పెట్టేసే ముందు, "నా వ్యాసం చదివావా?" అన్నాడు. చదివాను, రెండో పేజీ బాగుంది అన్నాను. అక్కడి నుంచి మళ్ళీ దారిలో పడ్డాడు. డిగ్రీ అయింది.

కాబట్టి పిల్లలూ, మొదటి గ్రేడ్ వచ్చిన వారంలో ప్రతి ఒక్కరికీ ఫోన్ చేయండి. మంచి గ్రేడ్ వచ్చినవాళ్ళకి కూడా. ఆ మంచి గ్రేడ్ సంగతి తర్వాత చెప్తాను.

సరళ

సరళది వరంగల్ దగ్గర. నాకు ఫోన్ చేసేనాటికి నలభై ఆరో నలభై ఏడో ఉంటాయి. బీఎస్సీ రెండో ఏడాదిలో పెళ్ళయి, చదువు ఆపి ఇక్కడికి వచ్చింది. పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఒక చైల్డ్ కేర్ సెంటర్‌లో అసిస్టెంట్ టీచర్‌గా చేరింది. ఆ సెంటర్ నడిపే పెద్దావిడకి సరళంటే గురి. తాను తప్పుకుంటున్నానని, డైరెక్టర్ కుర్చీ సరళకే ఇస్తానని చెప్పింది. ఆ కుర్చీకి డిగ్రీ ఉండాలి. పాత బీఎస్సీ చదువుకి కొన్ని క్రెడిట్లు కలిసొచ్చాయి, మిగతావి గబగబా చేస్తే వచ్చే వేసవికి అయిపోతుంది. అప్పటిదాకా ఆగుతానంది ఆవిడ.

"మీ పేరు చూసి ధైర్యమొచ్చింది మేడం" అంది సరళ మొదటి కాల్‌లో. నేను నా మొదటి ప్రశ్న అడిగాను.

"డైనింగ్ టేబుల్ కాడ మేడం. మా ఆయన పక్కన కూసుంటరు. డౌట్ వస్తే చెప్తరు."

ఎంత మంచి ఇల్లు అనుకున్నాను. మొగుడు పక్కన కూర్చుని పెళ్ళాం చేత చదివించే ఇల్లు ఇన్నేళ్ళలో నేను ఎన్ని చూశాను గనక. భర్త రఘురాం సాఫ్ట్‌వేర్ మనిషి, రోజూ రైల్లో సిటీకి వెళ్ళొస్తాడు. ఏ పని చేసినా పద్ధతిగా చేస్తాడు. సరళ చదువుకి ఒక ప్లాన్ వేసి, రంగులు పూసి, నాకు కూడా ఈమెయిల్ చేశాడు. మా ఆఫీసులో ఎవరూ అంత చక్కటి ప్లాన్ వేయలేదు.

ఇక్కడ ఆన్‌లైన్ క్లాస్ గురించి ఒక ముక్క చెప్పాలి. క్లాస్‌లో చేతులెత్తడం ఉండదు కాబట్టి, వారానికో ప్రశ్న ఇస్తారు. ప్రతివాళ్ళూ రెండు మూడు పేరాలు రాసి అందరికీ కనబడేలా పెట్టాలి. ఒకరు రాసినదానికి ఇంకొకరు జవాబు రాయాలి. క్లాస్ అంటే అదే, మనిషంటే ఆ రాతే. సరళ రాతలకి చైల్డ్ డెవలప్‌మెంట్ కోర్సులో అన్నీ ఏ గ్రేడులే వచ్చాయి. మొదటి గ్రేడ్ వారంలో నేను ఫోన్ చేసి మెచ్చుకుంటే, "అంతా ఆయన చలవ మేడం" అంది. మన ఆడవాళ్ళు మాటవరసకి అనే మాటే కదా అనుకున్నాను.

ఆ కోర్సు చెప్పే హెలెన్ స్కూల్ ప్రిన్సిపాల్‌గా రిటైరైన మనిషి. సెమిస్టర్ మధ్యలో ప్రతి విద్యార్థితోనూ పది నిమిషాలు వీడియోలో మాట్లాడుతుంది. సరళ రాసిన ఒక పేరా తీసి, ఇందులో నువ్వన్నది నీ చైల్డ్ కేర్ క్లాస్‌లో ఎక్కడ చూశావో చెప్పు అని అడిగింది. సరళ ఆ పేరాని చదువుకుంది. మళ్ళీ చదువుకుంది. తర్వాత ఏమీ చెప్పకుండా కాల్ కట్ చేసేసింది.

వారం తిరక్కుండా కాలేజీ నుంచి నోటీసు వెళ్ళింది. రాసింది వేరేవాళ్ళని అనుమానం ఉంది, విచారణ ఉంటుంది, తేలితే ప్రోగ్రాం నుంచి తీసేయవచ్చు అని. సరళ నా ఫోన్ ఎత్తడం మానేసింది.

బెండకాయల దగ్గర

అమెరికాలో తెలుగువాళ్ళు దాక్కోవాలనుకుంటే ముందు ఇండియన్ గ్రోసరీ మానెయ్యాలి. ఆ ఆదివారం నేను వెళ్ళేసరికి సరళ బెండకాయల దగ్గర నిలబడి చివరలు విరిచి చూస్తోంది. కాలేజీ ఐడీ ఫోటోలో చూసిన ముఖమే. పలకరిస్తే నన్ను గొంతుతో గుర్తుపట్టింది. చేతిలో బెండకాయ అలాగే ఉంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

విద్యార్థి విషయాలు పదిమందిలో మాట్లాడకూడదని మాకు రూలు. నా కార్‌లో కూర్చున్నాం. చాలాసేపు ఏడ్చింది. ఆ తర్వాత చెప్పింది.

మొదటి వారం తానే రాసిందట. తన క్లాస్‌లో ఒక పిల్లాడు వాళ్ళమ్మ వచ్చేదాకా లంచ్ బాక్స్ చేతిలోంచి వదలడు. నిద్రలో కూడా వదలడు. దాని గురించి రాసింది. రఘురాం చదివి, బాగుంది కానీ కాలేజీకి ఇలా రాయరు అని, కొంచెం దిద్దుతానని మొత్తం తిరగరాశాడు. దానికి ఏ వచ్చింది. రెండో వారం ఆమె రాసి ఇస్తే ఆయన దిద్దాడు. మూడో వారం నుంచి ఆమె రాయడం దేనికని ఆయనే ఆఫీసుకి వెళ్ళే రైల్లో రాసేసి పంపేవాడు. పుస్తకంలో పెద్దమాటలన్నీ వేసి.

"నేను రాస్తే నవ్వుతరు మేడం. ఆయన రాస్తే ఏ వస్తున్నది. ఇంట్ల అందరు ఖుషీగున్నరు. ఇగ ఎట్ల ఆపమంటా?" అంది.

నాకు కోపం వచ్చింది. వచ్చిన కోపం కాస్తా మా ఇల్లు గుర్తొచ్చి చల్లారింది. మేం చదువుకునే రోజుల్లో జువాలజీ రికార్డు అని ఉండేది. కప్పలూ బొద్దింకలూ గీసి చూపించాలి. నా రికార్డులో బొమ్మలు మా అక్క గీసింది. అక్క రికార్డు అంతకుముందు మా మేనత్త కొడుకు రాశాడు. సంతకం పెట్టే మేడమ్‌కి కూడా తెలుసు. మన ఇళ్ళలో ఒకరికి పరీక్షంటే అందరికీ పరీక్షే. టీవీ కట్టేస్తారు, ఒకరు నోట్సు తెస్తారు, ఒకరు పాలు కాచి ఇస్తారు, చెయ్యి తిరిగినవాళ్ళు బొమ్మలు వేస్తారు. దాన్ని మోసమని ఎవరూ అనుకోలేదు, ప్రేమ అనుకున్నారు. అది నిజంగా ప్రేమే. రఘురాం కూడా ఆ రికార్డే రాస్తున్నాడు. కాకపోతే ఇక్కడ కప్ప బొమ్మ కాదు, రేపు ఆమె కూర్చోబోయే కుర్చీ.

"డిగ్రీ వచ్చి డైరెక్టర్ అయ్యాక, తల్లిదండ్రులొచ్చి మా వాడెందుకిలా చేస్తున్నాడని అడిగితే, రైల్లో ఉన్నాయనకి ఫోన్ చేస్తావా?" అన్నాను.

కళ్ళు తుడుచుకుని, విచారణకి వస్తానని ఒప్పుకుంది. బెండకాయలు కొనకుండానే వెళ్ళిపోయింది.

రంగుల బాస్

అప్పటికి కారల్ మా ఆఫీసులో లేదు. ఆమె స్థానంలో బ్రయాన్ వచ్చాడు. చెడ్డవాడు కాదు. కానీ విద్యార్థులంటే అతనికి తెరమీద రంగులు. చదువుతున్నవాళ్ళు ఆకుపచ్చ, తడబడుతున్నవాళ్ళు పసుపు, పోయేవాళ్ళు ఎరుపు. ఫోన్లు త్వరగా ముగించమనేవాడు. డార్నెల్‌తో నేను మ్యూజియం బస్సు గురించి మాట్లాడిన సంగతి తెలిసి ఉంటే ఏమనేవాడో.

సరళ ఎరుపులోకి పోవడం అతనికి ఇష్టం లేదు. నన్ను పిలిచి, విచారణలో నువ్వు ఒక మాట చెప్తే చాలు, మీ సంస్కృతిలో ఇది మామూలే, అర్థంకాక జరిగింది అని, కమిటీ మందలించి వదిలేస్తుంది అన్నాడు. తేలిక దారే. నాకూ ఒక పూట ఆశగానే ఉంది. తీరా ఆలోచిస్తే, ఆ మాట అంటే సరళని కాపాడినట్టు కాదు, తెలుగువాళ్ళకి ఇంతకంటే తెలియదులే అని నేనే సంతకం పెట్టినట్టు. అదీగాక ఆమె డిగ్రీ మళ్ళీ వేరేవాళ్ళు రాసినట్టే అవుతుంది. ఈసారి నేను రాసినట్టు. అలా చెప్పలేనని చెప్పాను. బ్రయాన్ ముఖం ముడుచుకున్నాడు. మీకూ ఇలాంటి బాసులు తగులుతారు. వాళ్ళతో పోట్లాడక్కర్లేదు, చెప్పలేనని చెప్పి ఊరుకోండి.

విచారణ

విచారణ కూడా వీడియోలోనే. కమిటీలో ముగ్గురు, హెలెన్, నేను, సరళ. సరళ వెనక గోడ మీద గ్రోసరీ స్టోర్ వాళ్ళిచ్చిన తెలుగు క్యాలెండర్ వేలాడుతోంది. ఆ డైనింగ్ టేబుల్ దగ్గరే కూర్చుందని అర్థమైంది. మంచి చీర కట్టుకుంది. చేతులు కనిపించడం లేదు గానీ భుజాలు బిగుసుకుని ఉన్నాయి.

కమిటీ పెద్దాయన మర్యాదగానే అడిగాడు, ఇవి మీరు రాసినవేనా అని.

సరళ నోరు విప్పేలోగా, పక్కనుంచి సన్నగా తెలుగులో ఒక గొంతు వినిపించింది. "నేనే రాసిన, ఆయన గ్రామర్ చూసిండు అని చెప్పు."

రఘురాం అక్కడే, కెమెరాకి అందకుండా కూర్చుని, విచారణకి కూడా జవాబులు అందిస్తున్నాడు. ఆ గొంతు అందరికీ వినబడే ఉంటుంది. అర్థమయ్యేది నాకొక్కదానికే. కమిటీవాళ్ళు టీవీ ఏదో మోగుతోందనుకున్నారేమో, సరళ వంకే చూస్తున్నారు. నేను చెప్పాలా, ఊరుకోవాలా? చెప్తే ఆ పిల్ల చదువు ఆ క్షణమే ముగిసిపోవచ్చు. ఊరుకుంటే ఆ అబద్ధంలో నేనూ భాగస్తురాలిని. మైక్ బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాను.

"చెప్పు సరళా, ఎడిటింగ్ అంతే అని చెప్పు." మళ్ళీ అదే గొంతు.

సరళ పక్కకి తిరిగింది. "మీరు జర ఆగుండ్రి" అంది. విసురుగా కాదు, అన్నం వడ్డిస్తుంటే చాలన్నట్టుగా అంది. ఆ తర్వాత రెండు చేతులతో లాప్‌టాప్ పట్టుకుని అటువైపు తిప్పింది. తెరమీద క్యాలెండర్ పోయి, మెడలో హెడ్‌ఫోన్స్‌తో, చేతిలో కాఫీ కప్పుతో రఘురాం ప్రత్యక్షమయ్యాడు. పాపం, ఏం చేయాలో తోచక "హలో" అన్నాడు.

కెమెరా వెనకనుంచి సరళ గొంతు వచ్చింది. ఇంగ్లిష్‌లో, ఒక్కో మాటా వెతుక్కుంటూ చెప్పింది. "ఈయన నా భర్త. మొదటి వారం నుంచి నా రాతని ఈయనే తిరగరాశారు, మూడో వారం నుంచి మొత్తం ఈయనే రాస్తున్నారు. ఇప్పుడు ఏం చెప్పాలో కూడా ఈయనే చెప్తున్నారు. నన్ను పాస్ చేయించాలని. నేను వద్దని చెప్పలేదు. చెప్పకపోవడం నా తప్పు."

పెద్దాయన రఘురాంని గది బయటికి వెళ్ళమన్నాడు. వెళ్తూ వెళ్తూ అతను చేతిలో కప్పుతోనే కుర్చీని గుద్దుకున్నాడు. లాప్‌టాప్ మళ్ళీ ఇటు తిరిగింది. సరళ భుజాలు దిగాయి.

అడ్వైజర్ ఏమైనా చెప్తారా అని నన్ను అడిగారు. నా రికార్డులో బొమ్మలు మా అక్క గీసిన సంగతి చెప్పాను. మా దగ్గర దాన్ని ఎవరూ తప్పనలేదని, ఇక్కడ మాత్రం అది తప్పేనని, ఆ తేడా ఈమెకి తెలియదని నేను అనబోవడం లేదని చెప్పాను. "అబద్ధం చెప్పమని పక్కనుంచి అందిస్తుంటే నిజం చెప్పింది. అది మీరూ నేనూ చూశాం. మళ్ళీ మొదటినుంచి తన చేత్తో రాయనివ్వండి" అన్నాను.

కమిటీ ప్రోగ్రాం నుంచి తీసేయలేదు. ఆ కోర్సులో మాత్రం ఫెయిల్ చేసింది. మళ్ళీ చేయాలి, హెలెన్ దగ్గరే చేయాలి. అంటే వేసవికి డిగ్రీ లేనట్టే.

చదివిస్తానన్న మాట

మర్నాడు రఘురాం ఫోన్ చేశాడు. తిడతాడనుకున్నాను. చాలాసేపు రూల్స్ గురించి వాదించాడు. వాదన అయిపోయాక గొంతు మారింది.

"మా మామగారికి మాటిచ్చిన మేడం. చదువు మధ్యల ఆపించి తీస్కపోతున్నరు అని ఆయన బాధపడితే, అక్కడ నేను చదివిస్త అన్న. ఇన్నేండ్లు అయిపాయె. ఆయన పోయిండు. ఇప్పుడన్న చదివిద్దామనుకున్న."

ఏమనాలి ఆ మనిషిని? రోజంతా ఆఫీసులో చేసి, రైల్లో నిద్రపోవలసిన టైమ్‌లో పెళ్ళాం పాఠాలు రాసిన మనిషి. నాకు నిజంగా జాలేసింది. కానీ చెప్పవలసింది చెప్పాను. చదివించడం వేరు, చదివేయడం వేరు రఘురాం గారూ, మీరు మామగారికిచ్చిన మాట ఆమె కుర్చీ ఆమెకి వదిలితేనే తీరుతుంది అన్నాను. ఉంటాను మేడం అని పెట్టేశాడు.

చైల్డ్ కేర్ పెద్దావిడ చలికాలం దాకా చూసి, ఇక ఆగలేక బయటినుంచి ఎవరినో డైరెక్టర్‌గా తెచ్చుకుంది. సరళకంటే బాగా చిన్నది. సరళ ఆ అమ్మాయి కింద పనిచేస్తూనే, చదువూ చేసింది. నేను ఊరుకోలేక ఇంకో సెంటర్ చూసుకోమన్నాను. పిల్లలు అలవాటు పడ్డారు మేడం, ఏడాది మధ్యలో పోతే ఎట్ల అంది.

హెలెన్ క్లాస్ మళ్ళీ మొదలైంది. మొదటి వారం సరళ లంచ్ బాక్స్ పిల్లాడి గురించే రాసింది, తన మాటల్లో. గ్రేడ్ వచ్చిన రోజు నేను ఫోన్ చేసేలోపే ఆమే చేసింది, సెంటర్‌లో పిల్లలు పడుకున్న వేళ, గుసగుసగా.

"ఆయన రాసినప్పుడు ఏ వచ్చింది మేడం. నేను రాస్తే బి మైనస్ వచ్చింది."

ఓదార్చబోయాను. ఆమె వినలేదు. "కింద టీచర్ ఒక ప్రశ్న అడిగింది మేడం. ఆ పిల్లగాడు ఇప్పుడన్న డబ్బా వదుల్తున్నడా అని. ఇన్ని రోజులు నన్నెవ్వరు ఏమడగలే" అంది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. రెండూ అనుకుంటాను. ఆ బి మైనస్‌కి నేను కూడా ఇంట్లో పాయసం చేసుకున్నాను, మా ఆయన ఎందుకంటే చెప్పలేదు.

ఇందాక చెప్తానన్న మంచి గ్రేడ్ సంగతి ఇదే. మంచి గ్రేడ్ వచ్చిందని మనిషి బాగున్నట్టు కాదు. ఆ రాత మీద వాళ్ళతో రెండు నిమిషాలు మాట్లాడండి. తమది అయితే గొంతులో తెలుస్తుంది.

వదిలేసే ముందు

సరళ డిగ్రీ అనుకున్నదానికంటే చాలా ఆలస్యంగా పూర్తయింది. మార్కులు మధ్యరకం. ఇంటికి దూరంగా ఇంకో సెంటర్‌లో డైరెక్టర్ అయింది. మంచులో ఆ డ్రైవింగ్ ఒక యాతన అని ఫోన్ చేసి సణుగుతుంది. కుర్చీలో కూర్చున్నవాళ్ళందరూ సణుగుతారు, అది మంచి గుర్తే.

నేను రిటైరయ్యే నెలలో నాకొచ్చిన ఆఖరి కాల్స్‌లో ఒకటి రఘురాంది. కంపెనీలో తీసేశారట. ఈ వయసులో మళ్ళీ ఏదైనా నేర్చుకోకపోతే ఎవరూ పిలవడం లేదు, మీ కాలేజీలో డేటా కోర్సు ఆన్‌లైన్‌లో ఉందట కదా అన్నాడు. గొంతులో పాత ధీమా లేదు. ఇన్నేళ్ళు అందరికీ ప్లాన్లు వేసిన మనిషి, తాను ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక నన్ను అడుగుతున్నాడు. అతని కోసం నా మనసు కరిగింది. అయినా అలవాటు ప్రకారం మొదటి ప్రశ్న అడిగాను.

"బేస్‌మెంట్ల కూసుంటున్న మేడం. పైన డైనింగ్ టేబుల్ సరళది. సెంటర్ షెడ్యూళ్ళు అక్కడ్నే వేస్కుంటది."

"డౌట్ వస్తే?" అన్నాను, కొంచెం చిలిపిగానే.

"నిజం చెప్పాల్నంటే అడిగిన మేడం. కోర్సుల చేరేటందుకు ప్రాక్టీస్ పేపరొకటి ఉండె. ఇంగ్లిష్ల నాలుగు పేరాలు రాయాలె, నాకు చేతనైత లేదు. నువ్వు రోజూ రాస్తవు గద, జర రాసిపెట్టు అన్న."

"ఏమంది?"

"పక్కన కూసుంట, రాసుడు మాత్రం మీరే అన్నది. కిందికొచ్చి కుర్చీ ఏస్కొని కూసున్నది. అయ్యేదాక లేవలే మేడం. కీబోర్డ్ కూడా ముట్టలే."